పెద్దలకూ సరళీ స్వరాలు

ఆంధ్రప్రదేశ్ భాషా సాంస్కృతిక శాఖ సంచాలకుల వారికి,

ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా, చిలకలూరిపేట నాదస్వర సంప్రదాయంలో పెరిగి, శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ అందుకున్నారు. సంగీతం నేర్పే ఆశ్రమమూ శ్రీరంగంలోనే పెట్టారు. 2020 సంవత్సరానికి పద్మశ్రీ పొందిన కాలీషాబీ, మహబూబ్ సుబానీ దంపతులు ఆయన శిష్యులే. ఇంతటి విద్వాంసులను కన్న నేల మీద, నలభై దాటాక సరళీ స్వరాలు మొదలుపెట్టాలనుకునే మనిషికి చోటుండాలి కదా!

పెద్దవాళ్లు గుంపుగా నేర్చుకోవడం ఇక్కడ కొత్తేమీ కాదు. రామాలయం దగ్గర చెక్కభజన, కోలాటం రాత్రిపూట అలాగే వచ్చాయి. ఒకరు చెబితే పదిమంది అందుకుంటారు. తడబడ్డ గొంతును పక్క గొంతు మోస్తుంది.

గుంటూరు, ఒంగోలు, చిలకలూరిపేటల్లో పెద్దలకు సాయంత్రం పూట సామూహిక సంగీత తరగతులు పెట్టాలి. బడుల క్యాలెండర్ మాత్రం వద్దు. కార్తీకంలో పత్తి తీతలు, సంక్రాంతి దాటితే మిర్చి కోతలు. కళ్లాల్లో కాయ ఎండుతుంటే ఎవరూ రాలేరు. కోతలు తగ్గే ఏప్రిల్ చివర మొదలుపెట్టి, విత్తనాల దాకా గట్టిగా నడపాలి. తర్వాత వారానికి ఒక పూట చాలు.

పరీక్షలు, వయోపరిమితి వద్దు. ప్రభుత్వ పాఠశాల గది, ఒక శ్రుతిపెట్టె, నెలనెలా జీతం అందే ఒక గురువు ఉంటే తొలి ఏడాది నడుస్తుంది.