కెమెరా కన్నా ముందు డెస్కు

మా మేనకోడలు డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతోంది. న్యూస్ రీడర్ కావాలన్నది దాని పట్టుదల. వేసవిలో ఒక శిక్షణ సంస్థకు ముప్పై వేలు కట్టి నలభై అయిదు రోజుల యాంకరింగ్ కోర్సు చేసింది. మొన్న ఇంటికొస్తే ఏం నేర్పారని అడిగాను. కెమెరా వంక ఎలా చూడాలో, ఏ రంగు బట్టలు తెరమీద బాగుంటాయో, ప్రాంప్టర్ మీద అక్షరాల వెంట కళ్లు పరుగెత్తినట్టు కనపడకుండా ఎలా చదవాలో చెప్పారట. "మరి వార్త రాయించారా?" అన్నాను. "అది డెస్కు వాళ్ల పని కదా మావయ్యా!" అంది.

పిల్లది తప్పు కాదు. దానికి ఆ మాట నేర్పినవాళ్లది.

ఒకప్పుడు వార్త రాసేదీ చదివేదీ ఒకరే. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు చదివినవారి ఉద్యోగం పేరు ఆకాశవాణి లెక్కల్లో ‘న్యూస్ రీడర్ కమ్ ట్రాన్స్‌లేటర్’. ఇంగ్లిష్‌లో వచ్చిన వార్తల్ని గడియారం తరుముతుండగా తెలుగు చేసుకుని, ఆ కాగితాలతోనే స్టూడియోలోకి నడిచేవారు. తాము రాసిన వాక్యం తామే పలకాలి గనుక ఎక్కడ ఊపిరి తీసుకోవాలో రాసేటప్పుడే తేలిపోయేది. సినిమాల్లో స్థిరపడకముందు కొంగర జగ్గయ్య చేసిన పని ఇదే. ఆయన కంఠం అందరికీ గుర్తే. ఠాగూర్ కవిత్వాన్ని తెలుగు చేసినవాడూ ఆయనేనని గుర్తు పెట్టుకున్నవాళ్లు తక్కువ. 1983 నవంబరు 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన శాంతి స్వరూప్ గారికి టెలిప్రాంప్టర్ కూడా లేదు. కాగితం మీంచి తలెత్తి మన వంక చూడాలంటే వాక్యం అప్పటికే మనసులో ఉండాలి.

చెవి కోసం రాయడం వేరే విద్య. తెలుగులో క్రియ చివర వస్తుంది. పత్రికలో వాక్యం సాగితే పాఠకుడు వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకుంటాడు. రేడియో వినేవాడికి ఆ వీల్లేదు. ‘ఎగువ ప్రాంతాల నుంచి గోదావరికి భారీగా వరదనీరు వచ్చి చేరుతుండటంతో ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 17.75 అడుగులకు చేరుకోగా అధికారులు మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేశారు’ అని పత్రికలో అచ్చువేస్తే ఇబ్బంది లేదు. అదే వాక్యం లంక గ్రామంలో గొడ్లను గట్టుకు తోలుకుపోతున్న రైతుకు వినిపించండి. అతనికి కావలసిన ముక్క ఆఖర్న ఉంది. ‘ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. నీరు పదిహేడుంముప్పావు అడుగులకు చేరింది. ఎగువ నుంచి వరద ఇంకా వస్తోంది’ అంటే అతను ఆగకుండానే అర్థమవుతుంది. ఏ మేకప్ గదిలోనూ ఇది నేర్పరు. డెస్కు దగ్గర రోజుకు ఇరవై వార్తలు తిరగరాస్తే ఆరు నెలల్లో వస్తుంది. ళకు ల, ణకు న పలికే నాలుక కూడా గట్టిగా చదివితేనే దారికొస్తుంది.

ఇంకో సంగతి కూడా పిల్లలకు ముందే చెప్పాలి. ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లకు సొంతంగా వార్తలు చెప్పే అనుమతి మన దేశంలో లేదు. ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నదున్నట్టు వినిపించుకోవచ్చు, అంతే. కనుక ఆర్జే కావడం వేరు, రేడియోలో వార్తలు చదవడం వేరు. ఆకాశవాణి క్యాజువల్ అనౌన్సర్లను రాతపరీక్ష, స్వరపరీక్ష పెట్టి తీసుకుంటుంది. నెలలో కొన్ని రోజులే డ్యూటీ. దాన్ని నమ్ముకుని ఇల్లు నడవదు. అయినా మైకు ముందు కూర్చుని తప్పులు దిద్దుకునే అవకాశం ఇంత చవగ్గా మరెక్కడా దొరకదని నా నమ్మకం.

డబ్బులు కట్టే స్తోమత లేనివాళ్లకు నేను చూపించేది జహీరాబాద్ దగ్గరి మాచనూరు. అక్కడ 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. నడిపేది దళిత మహిళలు. జర్నలిజం పట్టాలు లేవు. రికార్డింగు, ఎడిటింగు, ప్రసారం అన్నీ వాళ్లవే. విత్తనాల గురించి, పంటల గురించి తమ ఊళ్లలో మాట్లాడుకునే తెలుగులోనే చెబుతారు. తమ మాట ఎవరు వింటున్నారో వాళ్లకు తెలుసు. లక్షలు పెట్టి స్టూడియోలు కట్టినవాళ్లలో చాలామంది దగ్గర లేనిది ఆ ఎరుకే.

మేనకోడలికి ఒక పని చెప్పాను. రోజూ ఒక వార్త తిరగరాసి, ఫోన్లో రికార్డు చేసి, వంట చేసుకుంటున్న వాళ్ల అమ్మమ్మకు వినిపించాలి. ఆమె "ఏమన్నావ్?" అని ఎక్కడ అడిగితే ఆ వాక్యం మళ్లీ రాయాలి. మొదటి రోజు నాలుగుసార్లు అడిగిందట.

చానళ్ల యాజమాన్యాలకు నా విన్నపం ఒకటే. ఉద్యోగంలోకి తీసుకున్న పిల్లల్ని మొదటి రోజే కెమెరా ముందు నిలబెట్టకండి. జీతమిచ్చి ఆరు నెలలు డెస్కులో కూర్చోబెట్టండి. తను రాసిన బులెటిన్ తనే చదివే అవకాశం ఆ తర్వాత ఇవ్వండి.