నేరం పెట్రోలుది కాదు

అమెరికా పొడుగు కార్ల మాటెత్తితే అందరి నోటా ఒకటే కథ. తోక రెక్కలతో, క్రోమియం తళుకులతో రోడ్డంతా తమదే అన్నట్టు తిరిగిన క్యాడిలాక్‌లూ లింకన్‌లూ 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఆపేయగానే కుప్పకూలాయట. కాలం మారింది, అవి మారలేదు, పోయాయి అంటారు. అహంకారం, ఆపైన పతనం. దుర్యోధనుడి నాటి నుంచి మనకు అలవాటైన కథే కాబట్టి లెక్క అడగాలని ఎవరికీ తోచదు.

అడిగి చూద్దాం. 1973లో క్యాడిలాక్ 3 లక్షల పైచిలుకు కార్లు తయారు చేసింది. మరుసటేడు అది సుమారు 2.4 లక్షలకు పడిపోయింది. అది నిజమే, నేను దాచను. ఆ తర్వాత సంగతే ఎవరూ చెప్పరు. 1976 నాటికి మళ్ళీ 3 లక్షలు దాటింది. 1977లో మూడున్నర లక్షల పైన, 1979లో దాదాపు 3.8 లక్షలు. 1902లో పుట్టిన ఆ కంపెనీ అంతకు ముందెన్నడూ అన్ని కార్లు చేసి ఎరగదు. లింకన్ వాళ్ళయితే ఇంకా మొండిఘటాలు. మార్క్ 5 అనే రెండు తలుపుల కారును 19 అడుగుల పొడుగున చేసి, 1977 నుంచి 1979 దాకా మూడేళ్ళలో 2 లక్షలకు పైగా అమ్మారు. గుండెపోటుతో పోయాడని ఊరంతా చెప్పుకున్న మనిషి ఆరేళ్ళ తర్వాత పెళ్ళి పందిట్లో రెండోసారి వడ్డించమంటూ కనబడ్డట్టుంది ఈ వ్యవహారం.

‘అవి మారలేదు’ అన్నది రెండో అబద్ధం. 1977 క్యాడిలాక్ డివిల్ ముందేటి కారు కంటే 9 అంగుళాలు పొట్టి, బరువులో 400 కిలోలకు పైగా తక్కువ. ఇంజిను 8.2 లీటర్ల నుంచి 7 లీటర్లకు దిగింది. కొన్నవాళ్ళు మొహం చిట్లించలేదు సరికదా, ఎగబడి కొన్నారు. ఎందుకంటే కోసేసింది ఒట్టి బాహ్యాడంబరాన్నే. లోపల కాళ్ళు చాపుకునే చోటు తగ్గలేదు. తలుపు వేస్తే వచ్చే ఆ బరువైన చప్పుడూ అలాగే ఉంది. అంతకు ముందు 1961లో లింకన్ కాంటినెంటల్ ఇదే పని ఇంకా అందంగా చేసింది. పాతదాని మీద అడుగుకు పైగా కురచ చేసి, రెక్కలు పీకేసి, పక్కలు నున్నగా చెక్కి, 24 నెలల వారంటీ ఇచ్చింది. కెనెడీ ఎక్కి తిరిగిన కారు ఆ కాంటినెంటల్‌కు మార్పులు చేసిందే. అంటే ఈ కార్ల పెద్దరికం అంగుళాల్లో లేదు. వాటిని కొనేవాళ్ళకు ఆ సంగతి తెలుసు. చేసేవాళ్ళకే తర్వాత్తర్వాత మతిమరుపు వచ్చింది.

పెట్రోలే హంతకుడనేవాళ్ళు ప్యాకార్డ్‌కు కూడా సమాధానం చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అమెరికాలో మర్యాదస్తుల కారంటే ప్యాకార్డే. మాంద్యంలో బతకడానికి 1935లో ‘వన్ ట్వంటీ’ అని వెయ్యి డాలర్ల లోపు కారొకటి తెచ్చింది. అప్పటికి గండం గడిచింది. కానీ పక్కింటి గుమాస్తా కూడా ప్యాకార్డ్ కొనగలిగాక బ్యాంకు యజమాని క్యాడిలాక్ వైపు నడిచాడు. 1956లో డెట్రాయిట్ నుంచి ఆఖరి ప్యాకార్డ్ వెళ్ళిపోయింది. ఆపైన రెండేళ్ళు స్టూడ్‌బేకర్ కార్లకే ఆ పేరు తగిలించి అమ్మి, 1958లో అదీ చుట్టేశారు. ఆ రోజుల్లో పెట్రోలు గాలను సుమారు 30 సెంట్లు. మరి దాన్ని ఎవరు చంపినట్టు?

ఆ పాఠం సొంత ఊళ్ళోనే కళ్ళముందు జరిగినా క్యాడిలాక్ నేర్చుకోలేదు. అసలు నేరం జరిగింది 1980కి అటూ ఇటూ, చేతులు కాలింది చమురు మంటకు కాదు. ముందు డీజిలు. సోదర సంస్థ ఓల్డ్స్‌మొబైల్ చేసిన ఇంజినును తెచ్చి క్యాడిలాక్‌లలో పెట్టారు. డీజిలు ఒత్తిడికి హెడ్ బోల్టులు తట్టుకోలేదు. ఇంధనంలో కలిసిన నీటిని వేరుచేసే ఏర్పాటూ లేదు. 1981లో మరో వింత. అవసరాన్ని బట్టి ఎనిమిది సిలిండర్లలో రెండో నాలుగో ఆగిపోయే ఇంజిను వచ్చింది. ఆలోచన మంచిదే, ఈనాడు ఎన్నో కార్లలో అది మామూలైపోయింది. కానీ అప్పటి కంప్యూటరుకు ఆ శక్తి లేదు. బండి దారి మధ్యలో ఉలిక్కిపడేది. ఏడాదికే మామూలు కార్లలోంచి తీసేశారు. 1982లో 4.1 లీటర్ల అల్యూమినియం ఇంజిను పెట్టారు. దాని బలం 125 గుర్రాలు, లాగాల్సింది రెండు టన్నులకు కాస్త తక్కువ బరువు. నీళ్ళు కారడం, గాస్కెట్లు పోవడం దాని జాతకంలోనే ఉంది.

వీటన్నిటినీ క్షమించవచ్చు. సిమరాన్‌ను మాత్రం నేను క్షమించను. షెవర్లే కావలియర్ అనే చవక కారుకు తోలు సీట్లు, క్యాడిలాక్ ముద్ర అతికించి 1982 మోడలుగా అమ్మకానికి పెట్టారు. నాలుగు సిలిండర్ల ఇంజినుతో, సుమారు 12 వేల డాలర్లకు. గిల్టు నగ మీద హాల్‌మార్కు గుద్దడమంటే ఇదే. కంసాలి ఒక్కసారి ఆ పని చేస్తే అతని దుకాణంలో అసలు బంగారాన్నీ జనం గీటురాయి మీద గీసి చూస్తారు.

1986లో ఎల్డొరాడోను 16 అంగుళాలు కత్తిరించారు. పెట్రోలు ధర ఇంకా ఇంకా పెరుగుతుందని లెక్కవేసి ఏళ్ళ ముందే గీసుకున్న కారది. తీరా అది దుకాణానికి వచ్చిన ఏడే చమురు ధర సగానికి పైగా పడిపోయింది! ఎల్డొరాడో అమ్మకం ఏడాదిలో సుమారు 76 వేల నుంచి 21 వేలకు జారింది. చవక పెట్రోలు రోజుల్లో, మైలేజీ పెరిగిన కారు. జనానికి పెట్రోలే బెంగ అయితే వాళ్ళు దాన్ని నెత్తిన పెట్టుకోవాలి కదా? అది క్యాడిలాక్‌లా లేదు, సోదర సంస్థలు సగం ధరకు అమ్మే చిన్న కారులా ఉంది, అందుకని కొనలేదు. ఇలాంటి పోలికల మీదే లింకన్ వాళ్ళు టీవీలో ప్రకటన వేసి ఆడుకున్నారు. హోటలు ముందు కార్లు తెచ్చిస్తుంటే ఏది తనదో యజమానులకే తెలియదు, లింకన్ ఆసామి మాత్రం తన బండిని చూడగానే గుర్తుపట్టి ఎక్కిపోతాడు. ఆ గుర్తుపట్టగల లింకన్, 18 అడుగులు దాటిన టౌన్ కార్, 1988లో 2 లక్షలకు పైగా అమ్ముడైంది.

‘చట్టం ఉందిగా, కంపెనీలు ఏం చేస్తాయి’ అంటారు. ఉంది. 1975 చట్టం ప్రకారం ఒక్కో కంపెనీ కార్ల సగటు మైలేజీ 1985 నాటికి గాలనుకు 27.5 మైళ్ళకు చేరాలి. ఎక్కువ తాగే కార్ల మీద అదనపు పన్ను కూడా వేశారు. కానీ రైతులు, వడ్రంగులు వాడుకునే ట్రక్కులకు వేరే కొలత పెట్టారు, అది చాలా తక్కువ. 1996 నుంచి 2004 దాకా అది 20.7 మైళ్ళే. ఆ అదనపు పన్ను వాటికి అసలే లేదు. ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ డెట్రాయిట్‌కు అది దొడ్డిగుమ్మం. పొడుగు కారు ముందు వాకిట్లోంచి పాడె మీద వెళ్ళి, దొడ్డిదారిన ట్రక్కు లైసెన్సుతో ఇంట్లోకి వచ్చింది. 1998 మోడలుగా లింకన్ నావిగేటర్, మరుసటేడు క్యాడిలాక్ ఎస్కలేడ్. అవే తోలు సీట్లు, అదే ఎనిమిది సిలిండర్ల ఇంజిను, అదే ‘పక్కకు తప్పుకో’ అనే ధోరణి. కిందికి దిగి కూర్చునే చోట పైకెక్కి కూర్చుంటున్నాం, అంతే తేడా.

మన పాత సినిమాల్లో జమీందారుగారు దిగే పొడుగు కారును నోరు తెరుచుకుని చూసి పెరిగినవాణ్ణి నేను, ఈ బళ్ళ మీద నాకు మమకారం లేదని చెప్పను. కానీ ఇది మమకారపు మాట కాదు. పెట్రోలే చంపిందని నమ్మితే ఇద్దరు దోషులు తప్పించుకుంటారు. పేరు అమ్ముకుని సరుకు పాడుచేసిన కంపెనీ ఒకరు, కారును పట్టుకుని దాని అన్నను వదిలేసిన చట్టం రెండోవారు.

టెక్సాస్‌లో డల్లాస్‌కూ ఫోర్ట్ వర్త్‌కూ నడుమ ఆర్లింగ్టన్ అనే ఊరుంది. చుట్టుపక్కల మనవాళ్ళు వేలల్లో ఉన్నారు, మీ ఇంట్లోవాళ్ళూ ఉండొచ్చు. వెనక చక్రాలతో నడిచిన ఆనాటి పెద్ద క్యాడిలాక్‌లలో ఆఖరిదైన ఫ్లీట్‌వుడ్ 1996లో అక్కడి ఫ్యాక్టరీలోనే ఆగిపోయింది. ఆగింది గిరాకీ లేక కాదు, ఆ చోటు పెద్ద ట్రక్కు బళ్ళకు కావాలని. ఇవాళ ఎస్కలేడ్‌లు వస్తున్నది ఆ గేటులోంచే. ఈసారి అటు వెళ్ళినప్పుడు ఒక టేపు పట్టుకెళ్ళండి. అహంకారానికి ఆనవాలుగా అందరూ బొమ్మ వేసి చూపించే 1959 నాటి రెక్కల క్యాడిలాక్ పొడుగు 18 అడుగుల 9 అంగుళాలు. ఎస్కలేడ్‌లో పొడుగు రకం దానికంటే ఇంకో 2 అంగుళాలు ఎక్కువే తేలుతుంది.