ఉచిత బియ్యానికి రెండు రోజుల కూలి

కోటా బియ్యానికి కొండ దిగితే ఆ రోజు కూలి పోయినట్టే. డిపోలో మిషనుకు సిగ్నల్ అందకపోతే మర్నాడు మళ్లీ దిగాలి. రెండో కూలీ పోతుంది. గుమ్మలక్ష్మీపురం కొండల్లో మేము తిరిగిన గూడల్లో ఆడవాళ్లు చెప్పేది ఇదే.

2013 ఆహార భద్రతా చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డుకు 35 కిలోలు హక్కు. 2023 జనవరి నుండి ఈ బియ్యం ఉచితమన్నారు. మంచిదే. మరి పోయిన కూలి మాటేమిటి? ఆ లెక్క ఏ రిజిస్టరులో రాస్తున్నారు?

2021లో ఇంటింటికీ రేషనని బండ్లు పెట్టారు. రోడ్డు లేని గూడకు బండి ఎలా ఎక్కుతుంది? జనమే దిగివచ్చి రోడ్డు పక్కన కాచుకున్నారు. 2025 జూన్‌లో బండ్లు తీసేసి మళ్లీ డిపోకు పొమ్మన్నారు. ప్రభుత్వం మారింది, మన నడక మారలేదు.

పోడు కొట్టి అరిగిన వేలు మిషనుకు ఆనకపోతే తప్పు వేలిదా? రావలసిన బియ్యం అందకపోతే బదులు భత్యం ఇవ్వాలని అదే చట్టం 8వ సెక్షను చెబుతున్నది. ఈ సంగతి గూడల్లో ఎవరూ చెప్పరు. మనమే చెప్పాలి.

సిగ్నల్ లేనిచోట రిజిస్టరులో సంతకం మీద ఇవ్వాలి. కొండమీది గూడలకు అక్కడికే తెచ్చి పంచాలి. వట్టి చేతులతో తిరిగొచ్చిన ప్రతివారి పేరూ, తేదీ రాసిపెట్టండి. ఒక్కరు అడిగితే "రేపు రా" అంటారు. గూడంతా కాగితాలతో పార్వతీపురం కలెక్టరాఫీసు ముందు కూర్చుంటే జవాబు చెప్పక తప్పదు.