నాలుగవ కోర్ నమ్మదగినదేనా?

మా క్వార్టర్లలో పై అంతస్తులో ఉండే సహోద్యోగి కుమారుడు డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నాడు. గత నెలలో ఒక ఆదివారం ఉదయం అతడు నా వద్దకు వచ్చి, "అంకుల్, పాత కంప్యూటర్ ఒకటి చవకగా కొన్నాను. అమ్మినాయన ఇచ్చిన కాగితంలో ప్రాసెసర్‌కు మూడు కోర్లని ఉంది. తెర మీద మాత్రం నాలుగు కనిపిస్తున్నాయి. ఇది లాభమా, మోసమా?" అని అడిగాడు.

రెండూ కాకపోవచ్చునని చెప్పాను. ఈ నెల మన శీర్షికకు ఆ ప్రశ్నే విషయం.

కోర్ అంటే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే విభాగం. నాలుగు కోర్లున్న ప్రాసెసర్‌లో నలుగురు గుమాస్తాలు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారనుకోవచ్చు. 2009లో ఏఎండీ సంస్థ ఫెనామ్ 2 అనే ప్రాసెసర్లను విడుదల చేసింది. 45 నానోమీటర్ల పద్ధతిలో తయారైన ఆ చిప్ వైశాల్యం 258 చదరపు మిల్లీమీటర్లు, అందులోని ట్రాన్సిస్టర్ల సంఖ్య సుమారు 75 కోట్ల 80 లక్షలు. ఇంత సూక్ష్మమైన పనిలో కొన్ని చిప్‌లలో ఏదో ఒక మూల లోపం తప్పదు. ఒక్క కోర్‌లో లోపమున్నంత మాత్రాన చిప్ మొత్తాన్ని పారవేయడం దుబారా. అందుచేత ఆ కోర్‌ను మూసివేసి, మిగిలిన మూడింటితో ఎక్స్3 అనే పేరుతోను, రెండింటితో ఎక్స్2 అనే పేరుతోను తక్కువ ధరకు అమ్మేవారు. కొనేవారికీ మేలు, అమ్మేవారికీ మేలు. ఈ పద్ధతి కొత్తదీ కాదు. 1991లో ఇంటెల్ విడుదల చేసిన 486 ఎస్‌ఎక్స్ తొలినాటి చిప్‌లలో దశాంశ గణితం చేసే విభాగం ఉండికూడా పనిచేయకుండా మూసివేయబడి ఉండేది.

ఇందులో ఒక మెలిక ఉన్నది. చవక రకానికి గిరాకీ పెరిగినప్పుడు, లోపం లేని చిప్‌లలోను ఒక కోర్‌ను మూసి అదే పేరుతో అమ్మవలసి వచ్చేది. కనుక మూసి ఉన్న కోర్ చెడ్డదైనా కావచ్చు, నిక్షేపమైనదైనా కావచ్చు. పైనుంచి చూసి చెప్పడానికి గుర్తంటూ ఏదీ లేదు.

2009 ఆరంభంలోనే వాడకందార్లు ఒక సంగతి కనిపెట్టారు. ఆనాటి కొన్ని మదర్‌బోర్డులలో అడ్వాన్స్‌డ్ క్లాక్ కాలిబ్రేషన్ అనే సదుపాయం ఉండేది. దాని అసలు ఉద్దేశం ప్రాసెసర్‌ను మరికొంత వేగంగా నడిపించడం. బయోస్‌లో దానిని ఆటో అని పెట్టగానే కొన్ని ప్రాసెసర్లలో మూసిన కోర్లు మేలుకొనేవి. మూడు కోర్ల ఎక్స్3 720 అనే నమూనా ఆ తరువాత తన పేరును ఎక్స్4 20గా చెప్పుకొనేది. ఆపైన మదర్‌బోర్డు తయారీదారులే ఈ పనికి ప్రత్యేకమైన మీటలు పెట్టి ప్రచారం చేసుకున్నారు. మా కాలనీ కుర్రవాడి కంప్యూటర్‌లో జరిగింది ఇదే. మునుపటి యజమాని తలుపు తెరచి, ఆ మాట చెప్పకుండా అమ్మివేశాడు.

ఈ విషయంలో నాకు స్వానుభవం ఒకటి ఉన్నది. 2010 సంక్రాంతి సెలవులకు మా మేనల్లుడు వచ్చాడు. అప్పుడతడు ఇంజనీరింగ్ విద్యార్థి. ఇటువంటి మూడు కోర్ల ప్రాసెసర్‌తో కంప్యూటర్‌ను స్వయంగా అమర్చుకున్నాడు. వచ్చిన రోజు సాయంత్రమే, "మామయ్యా, పైసా ఖర్చు లేకుండా నాలుగో కోర్ వచ్చింది, చూడు" అని సంబరంగా చూపించాడు.

"పరీక్షించావా?"

"ఇరవై నిమిషాలు నడిపాను. ఏమీ కాలేదు."

నాకు మా ట్రాన్స్‌ఫార్మర్లు గుర్తుకు వచ్చాయి. కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌కు ఉష్ణోగ్రత పరీక్ష చేసేటప్పుడు ఇరవై నిమిషాలు చూసి సంతకం పెట్టము. నూనె పైభాగపు వేడిమి పెరుగుదల గంటకు ఒక డిగ్రీ కంటె తగ్గి, ఆ స్థితి మూడు గంటల పాటు నిలిచేదాకా కాచుకొని కూర్చుంటాము. కొత్త బాయిలర్‌ను పనిచేసే ఒత్తిడికి ఒకటిన్నర రెట్ల నీటి ఒత్తిడితో పరీక్షించిన తరువాతనే ఆవిరి పట్టనిస్తాము. రేపు రాబోయే కష్టాన్ని ఈ రోజే కల్పించి చూడటమే పరీక్ష. ఇరవై నిమిషాల పాటు ఏమీ కాకపోవడం పరీక్ష అనిపించుకోదు.

పైగా ఆ కంప్యూటర్ మీద ఒక బరువైన పని పెట్టబోతున్నారు. మా బావగారు అంతకు రెండేళ్ల క్రితమే కాలం చేశారు. ఆయన ఫొటోలున్న ఆల్బం చెమ్మ తగిలి, ఫొటోలు ఒకదానికొకటి అంటుకుపోతున్నాయి. వాటన్నిటినీ స్కాన్ చేసి కంప్యూటర్‌లో భద్రపరచాలని మా చెల్లెలి కోరిక. అందుకని మేనల్లుడితో, "ఫొటోల పని మూడు కోర్లతోనే చెయ్యి. నాలుగోది పరీక్షకు మాత్రమే తెరువు. మే నెల దాటాక ఆలోచిద్దాం" అన్నాను. ముఖం చిన్నబుచ్చుకున్నాడుగాని కాదనలేదు.

మొదటి చిక్కు ఉష్ణోగ్రత కొలవడంలోనే ఎదురైంది. ఆ తరం ప్రాసెసర్లలో దాచిన కోర్ తెరవగానే చిప్ లోపలి ఉష్ణోగ్రత మాపకం చాలాసార్లు పనికిరాకుండా పోతుంది. సున్నా అనో, అర్థంలేని అంకె ఏదో చూపిస్తుంది. వేడిమి మీద కన్నువేసి ఉంచవలసిన సమయంలోనే థర్మామీటర్ చేజారిపోతుందన్నమాట. ఇక మిగిలేది మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ అడుగున ఉండే మాపకం. అది నిదానంగా స్పందిస్తుంది, దాని అంకె కూడా వేరు.

దీనికి మేము అనుసరించిన ఉపాయం ప్రతి ప్రయోగశాలలోను ఉన్నదే. ముందు నాలుగవ కోర్ మూసి ఉంచి, మూడింటినీ పూర్తి భారంతో నడిపి, రెండు మాపకాల అంకెలను నోటు పుస్తకంలో రాసుకున్నాము. లోపలిది 44 డిగ్రీలు, బోర్డుది 49 చూపాయి. తేడా 5. తరువాత నాలుగవది తెరచి, బోర్డు మాపకం చూపిన 53 నుంచి ఆ తేడాను తీసివేస్తే సుమారు 48 అని అంచనా వచ్చింది. తలుపు తెరవక ముందే ఈ అంకెలు రాసుకోకపోతే తరువాత పోల్చుకోవడానికి ఏమీ మిగలదు.

ఆ రాత్రి గది ఉష్ణోగ్రత 24 డిగ్రీలు. మా మే నెల మధ్యాహ్నాలలో అదే గది 38 దాటుతుంది. గది ఎన్ని డిగ్రీలు వేడెక్కితే లోపల చిప్ కూడా ఇంచుమించు అన్ని డిగ్రీలు వేడెక్కుతుంది. కనుక జనవరి 48 మే నెలలో 62 అవుతుందని లెక్క కట్టాము. తయారీదారు ఆ ప్రాసెసర్‌కు చెప్పిన హద్దు 73. "ఇంకా పదకొండు డిగ్రీలు ఉందిగా" అన్నాడు మేనల్లుడు. నిజమే. కాని ఆ హద్దు తయారీదారు పరీక్షించి, హామీ ఇచ్చి అమ్మిన మూడు కోర్లది. నాలుగవదానికి ఎవరూ హద్దు చెప్పలేదు.

ఇక నిలకడ పరీక్ష. ముందుగా మెమ్‌టెస్ట్86తో మెమరీని మాత్రమే పరీక్షించాము. లేకుంటే తరువాత కనిపించే తప్పు మెమరీదో, కోర్‌దో తేలదు. ఆపైన ప్రైమ్95. అమెరికాలో జార్జ్ వోల్ట్‌మన్ 1996లో ఆరంభించిన మెర్సెన్ ప్రధాన సంఖ్యల అన్వేషణ కోసం రాసిన కార్యక్రమమిది. ఇందులోని కఠిన పరీక్ష ప్రతి కోర్‌కు విడివిడిగా పని ఇస్తుంది. దాని గొప్పతనం వేడి పుట్టించడంలో మాత్రమే లేదు. వచ్చిన జవాబును ముందే తెలిసిన జవాబుతో సరిచూస్తుంది. అది చేసే గుణకారాల ఫలితాలు పూర్ణాంకాలకు అతి సమీపంలో ఉండాలి. తేడా 0.4 దాటితే ఎక్కడో తప్పు జరిగినట్లు గ్రహించి ఆ కోర్ పనిని నిలిపివేస్తుంది.

జనవరి రాత్రి ఎనిమిది గంటలు నడిచింది. నాలుగు కోర్లూ నెగ్గాయి. మేనల్లుడు తెల్లవారి కాఫీ తాగుతూ నా వైపు విజయగర్వంతో చూశాడు. నేను మాత్రం మే నెల మాటనే మళ్లీ చెప్పాను.

మే మూడవ వారంలో అతడు మళ్లీ వచ్చాడు. మధ్యాహ్నం కూలర్ ఆపి, అదే పరీక్ష మొదలుపెట్టాము. మూడవ గంటలో నాలుగవ కోర్ ఒక్కటే ఆగిపోయింది. తేడా 0.5 వచ్చిందనీ, 0.4 కంటె తక్కువ ఉండవలసిందనీ తెర మీద రాసి ఉన్నది. ఏ సంఖ్య అయినా దగ్గరి పూర్ణాంకానికి 0.5 కంటె దూరంగా ఉండలేదు గదా! అంటే ఆ జవాబు తప్పడానికి ఎంత అవకాశమున్నదో అంతా తప్పిందన్నమాట. బోర్డు మాపకం 68 చూపుతున్నది. తేడా తీసివేస్తే 63. హద్దుకు ఇంకా పది డిగ్రీలు తక్కువే.

నన్ను కలవరపెట్టిన సంగతి మరొకటి. కంప్యూటర్ ఆగలేదు. తెర నీలంగా మారలేదు. మేనల్లుడు పెట్టుకున్న పాట సాగిపోతూనే ఉన్నది. ఈ పరీక్ష నడవకుండా ఉంటే, ఆ కోర్ తప్పు లెక్క చేస్తున్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు.

"ఓల్టేజి కొంచెం పెంచితే నిలబడుతుందేమో, మామయ్యా" అన్నాడు. నిలబడవచ్చు. కాని ఖర్చయ్యే విద్యుత్తు ఓల్టేజి వర్గాన్ని అనుసరిస్తుంది. 1.30ని 1.40 చేస్తే వేడి సుమారు 16 శాతం పెరుగుతుంది. వేడి వల్ల తప్పిన కోర్‌ను మరింత వేడితో దిద్దడం మే నెలలో చేయదగిన పని కాదు. అతడు కాసేపు ఆలోచించి, బయోస్‌లోకి వెళ్లి నాలుగవ కోర్ మూసివేశాడు. మిగిలిన మూడూ ఆ తరువాత ఏడేళ్లు ఏ పొరపాటూ లేకుండా పనిచేశాయి. తయారీదారు మూడు ఇస్తానన్నాడు, మూడూ ఇచ్చాడు. నాలుగవదాని పూచీ మాది.

ఆనాడు నాది చాదస్తమేమోనన్న అనుమానం నాకూ ఉండేది. 2021లో అది తీరింది. ఆ ఏడాది ఫేస్‌బుక్ ఇంజనీర్లు తమ కేంద్రాలలోని ప్రాసెసర్ల గురించి ఒక పత్రం ప్రచురించారు. 1.1ని 53వ ఘాతానికి హెచ్చించి పూర్ణాంక భాగం తీసుకుంటే 156 రావాలి. ఒక యంత్రంలోని ఒకే ఒక్క కోర్ సున్నా అని చెప్పింది. ఆ సున్నాను ఫైలు పరిమాణంగా నమ్మి, పైన నడిచే కార్యక్రమం కొన్ని ఫైళ్లను లేనివిగా లెక్కకట్టి వదిలివేసింది. ఎక్కడా హెచ్చరిక రాలేదు. అదే ఏడాది గూగుల్ ఇంజనీర్లు కూడా కొన్ని వేల యంత్రాలలో కొద్ది కోర్లు ఇటువంటివి ఉంటున్నాయని వెల్లడించారు. అవన్నీ కర్మాగారంలో పరీక్ష నెగ్గి వచ్చిన కోర్లు. పరీక్షలో తప్పి మూతపడి ఉండే అవకాశమున్న కోర్ విషయంలో మనమెంత జాగ్రత్తగా ఉండాలో వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పటి ప్రాసెసర్లలో ఈ దారి సాధారణంగా మూసుకుపోయింది. అయినా మన పిల్లలు ఆటల కోసం వేగం పెంచడం, ఓల్టేజి తగ్గించడం చేస్తూనే ఉన్నారు. వారిని వద్దనకండి. నేర్చుకునే వయస్సు. దాచిన కోర్ తెరచినవారిలో ఏళ్ల తరబడి హాయిగా వాడుకున్నవారూ ఎందరో ఉన్నారు. కాని మూడు మాటలు చెప్పండి. మార్పు చేయకముందు అంకెలు రాసుకోవాలి. పరీక్ష మన ఇంటి అత్యంత వేడి రోజును లెక్కలోకి తీసుకోవాలి. యంత్రం నడుస్తున్నదా అని గాక, సరైన జవాబు ఇస్తున్నదా అని చూడాలి. ఆటలో తప్పు దొర్లితే మళ్లీ ఆడుకోవచ్చు. పోయిన మనిషి ఫొటో పాడైతే మళ్లీ తీయలేము.

పై అంతస్తు కుర్రవాడు ఇదంతా విని, తన కంప్యూటర్‌ను ప్రస్తుతానికి మూడు కోర్లకు మార్చుకున్నాడు. హీట్ సింక్ దుమ్ము దులిపి, థర్మల్ పేస్ట్ కొత్తగా రాశాడు. ఒక పాత డైరీలో గది ఉష్ణోగ్రత, బోర్డు ఉష్ణోగ్రత తేదీలవారీగా రాస్తున్నాడు. మొన్న మెట్ల దగ్గర కనిపించి, "మే నెల దాకా ఆగుతాను, అంకుల్" అన్నాడు. అతని నాలుగవ కోర్ మంచిదే కావచ్చు. ఆ మాట చెప్పవలసింది ఎండాకాలం.