తాళంచెవి ఎవరి కొంగున వుంది?

ఉద్యోగమంటే పొద్దున్నే కేరేజీ పట్టుకొని బయలుదేరడమూ, దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరడమూ అనే రోజులు పోయాయి అనను గాని, చాలావరకు తగ్గాయి. ఇవాళ ఏ వీధిలో చూసినా, ఒక ఇంట్లోనైనా ఎవరో ఒకరు గదిలో కంప్యూటరు ముందు కూచుని, ఎక్కడో వున్న వాళ్ళకి పని చేసిపెడుతున్నారు. ఒకరు అనువాదాలు చేస్తారు, ఒకరు బొమ్మలు వేస్తారు, ఒకరు కంపెనీల లెక్కలు రాస్తారు, మరొకరు పెళ్ళి ఫోటోలు దిద్దుతారు. వీళ్ళకి ఫ్రీలాన్సర్లని పేరు. నెల జీతం లేదు, పై అధికారి లేడు, పింఛను అంతకన్నా లేదు.

ఈ మధ్య నాకు వస్తున్న ఉత్తరాల్లో వీళ్ళవి ఎక్కువగా వుంటున్నాయి. అందరి ప్రశ్నా ఇంచుమించు ఒకటే: "పని తాలూకు ఫైళ్ళు క్లౌడ్‌లో దాచుకోమంటున్నారు. ఎవరి దగ్గర దాచుకోమంటారు? ఎవరు ఉచితంగా ఎక్కువ చోటు ఇస్తారు?"

ఉచితంగా ఒకరు 15 జీబీ ఇస్తారు, ఒకరు 5, ఇంకొకరు 2. ఆ లెక్క చెప్పడం సులభమే. కాని అద్దె ఇల్లు చూడబోయినప్పుడు గదులెన్ని అని అడిగి ఊరుకుంటామా? తలుపులకి గడియలు సరిగా వున్నాయా, దొడ్డిగోడ ఎంత ఎత్తు, ఇంటివారి దగ్గర మారు తాళంచెవి వుందా అని కూడా చూస్తాం గదా! ఇక్కడా అంతే.

క్లౌడ్ అంటే మబ్బు. పేరు అలా పెట్టారు గాని, మన ఫైళ్ళు ఆకాశంలో ఏమీ వుండవు. ఏదో ఒక వూళ్ళో, ఒక పెద్ద భవనంలో, వరసగా పేర్చిన కంప్యూటర్లలో వుంటాయి. ఆ భవనానికి గోడలున్నాయి, కరెంటు వుంది, నిప్పంటుకొనే ప్రమాదమూ వుంది. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే కంపెనీ భవనం తగలబడింది. వేరేచోట నకలు పెట్టుకోనివాళ్ళ సరుకు దాంతోపాటే పోయింది. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలో, డేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీలు అంటుకొన్నాయి. ప్రభుత్వోద్యోగులు ఫైళ్ళు దాచుకొనే జి-డ్రైవ్ అనే ఖజానా యావత్తూ నాశనమయింది. 858 టెరాబైట్ల కాగితాలు! వాటికి మరోచోట నకలు లేదు. ఒక ప్రభుత్వానికే తప్పని కష్టం ఇది.

ఇక ఫ్రీలాన్సరు సంగతి చూడండి. ఆఫీసులో పనిచేసేవారికి బీరువా ఆఫీసుది, తాళం ఆఫీసుది, రాత్రి కాపలా ఆఫీసుది. ఇంటి దగ్గర పనిచేసేవారికి యజమానీ తామే, గుమాస్తా తామే, కాపలావాడూ తామే. పైగా, వాళ్ళ దగ్గర వుండే ఫైళ్ళు వాళ్ళవి కావు. నాకు తెలిసిన ఒక అమ్మాయి విశాఖపట్నంలో ఇంట్లో కూచుని ఆస్పత్రి రిపోర్టులు అనువదిస్తుంది. ఎవరికి కాన్సరు ఎంతవరకు ముదిరిందో, ఎవరికి పిల్లలు కలగరో, ఆమె కంప్యూటరులో వుంటుంది. ఆ రోగులు ఆమెను చూడలేదు, చూడబోరు. ఆమె తమ గుట్టు కాపాడుతుందో లేదో అడిగే అవకాశం కూడా వాళ్ళకి లేదు. అందుచేత క్లౌడ్ ఎంచుకోవడం అంటే చవకైన బీరువా వెతుక్కోవడం కాదు. ఒకరు మన చేతిలో పెట్టిన ఒప్పగింతను మనం ఇంకొకరి చేతిలో పెట్టడం. ఆ చెయ్యి ఎలాంటిదో చూడాలి.

అందుకని నేను నాలుగు ప్రశ్నలు వేసుకోమంటాను.

మొదటిది: తాళంచెవి ఎవరి దగ్గర వుంది? పేరున్న కంపెనీలన్నీ ఫైళ్ళను సంకేతలిపిలోకి మార్చి దాస్తాయి. దాన్నే ఎన్‌క్రిప్షన్ అంటారు. అందరూ ఈ మాట గొప్పగా చెప్పుకొంటారు, అబద్ధమూ కాదు. కాని గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్ వంటివాటిలో మామూలు ఖాతా తెరిస్తే, ఆ సంకేతలిపిని విప్పే తాళంచెవి కంపెనీ దగ్గరే వుంటుంది. ఇంటివారి దగ్గర మారు తాళం వున్నట్టన్నమాట. దీనివల్ల సుఖమూ వుంది. మనం పాస్‌వర్డు మరిచిపోతే మళ్ళీ లోపలికి రానిస్తారు. చిక్కూ వుంది, న్యాయస్థానం ఆజ్ఞ ఇస్తే వాళ్ళు తెరవగలరు, లోపల దుర్మార్గుడైన ఉద్యోగి ఒకడుంటే వాడూ ప్రయత్నించగలడు.

రెండో రకంలో తాళంచెవి మన దగ్గరే వుంటుంది. మన కంప్యూటరులోనే ఫైలుకి తాళం పడి, తాళంతోనే అక్కడికి చేరుతుంది. ప్రోటాన్ డ్రైవ్, ట్రెజరిట్ అనేవి ఈ రకం. ఆపిల్ కంపెనీ కూడా 2022 డిసెంబరులో తన ఐక్లౌడ్‌కి ఇలాంటి ఏర్పాటు తెచ్చింది. కోరినవారే దాన్ని పెట్టుకోవాలి. 2025 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో మాత్రం, అక్కడి ప్రభుత్వం పట్టుబట్టిందన్న వార్తల నడుమ, కొత్తవారికి దాన్ని ఆపివేసింది. తాళం ఎంత గట్టిదైనా రాజుగారి మాట ఒకటుంటుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

అయితే ఈ రెండో రకంలో ఒక నియమం వుంది. పాస్‌వర్డూ, దాంతో ఇచ్చే రక్షణ వాక్యమూ రెండూ పోగొట్టుకొంటే, ఆ కంపెనీ అధ్యక్షుడి కాళ్ళు పట్టుకొన్నా ఫైళ్ళు రావు. ఆయన దగ్గరా తాళంచెవి లేదు గనక! కాబట్టి దాన్ని కాగితం మీద రాసి, ఇంటి దస్తావేజులతోపాటు భద్రపరచాలి.

ఉన్న ఖాతా మార్చుకోవడం ఇష్టంలేనివారికి మధ్యేమార్గం వుంది. క్రిప్టోమేటర్ అనే ఉచితమైన సాధనం దొరుకుతుంది. అది మన కంప్యూటరులో ఒక పెట్టె చేసి, తాళం వేసి, ఆ పెట్టెను మామూలు గూగుల్ డ్రైవ్‌లోనే పెట్టనిస్తుంది. అద్దె గదిలో మన సొంత ఇనప్పెట్టె పెట్టుకొన్నట్టు.

తాళం మీ దగ్గరే అన్నవాళ్ళ మాటలన్నీ నమ్మనూ కూడదు. జ్యూరిక్‌లోని ఇ.టి.హెచ్. విశ్వవిద్యాలయం పరిశోధకులు 2022లో మెగా అనే సంస్థ తాళంలోనూ, 2024లో పరీక్షించిన మరి ఐదు సంస్థల్లో చాలావాటిలోనూ లోపాలు చూపించారు. బయటి నిపుణులచేత తన తాళాన్ని పరీక్ష చేయించి, ఆ నివేదికను బయటపెట్టే సంస్థ మేలు.

రెండో ప్రశ్న: వీధి తలుపు సంగతేమిటి? ఇనప్పెట్టె ఎంత గట్టిదైనా, పాస్‌వర్డు మన పుట్టినరోజైతే ఏం లాభం? 2012లో డ్రాప్‌బాక్స్ ఉద్యోగి ఒకరు మరోచోట వాడిన పాస్‌వర్డునే ఆఫీసు పనికీ వాడారు. దాన్ని పట్టుకొని దొంగలు లోపలికి వెళ్ళారు. 6 కోట్ల 80 లక్షల పైచిలుకు ఖాతాల చిరునామాలూ, సంకేతలిపిలో వున్న పాస్‌వర్డులూ పోయాయని 2016లో గాని లోకానికి తెలియలేదు. కాబట్టి ఈ ఖాతాకి వాడే పాస్‌వర్డు మరెక్కడా వాడకూడదు. దానికి తోడు రెండో గడియ పెట్టాలి. పాస్‌వర్డు చెప్పాక ఫోనులో వచ్చే అంకెలు కూడా చెబితేనే తలుపు తెరుచుకొనే ఏర్పాటు అది. ఆ అంకెలు ఎస్సెమ్మెస్‌గా రావడం కన్నా, ఫోనులోనే అంకెలు పుట్టించే ఆథెంటికేటర్ యాప్ మంచిది. ఇతరుల సిమ్ కార్డును మోసంతో తమ చేతిలోకి మార్పించుకొనే ఘనులు వున్నారు మరి.

ఇంకొక్కటి. పని పూర్తయ్యాక ఫైలు పంపేటప్పుడు, "లింకు వున్న ఎవరైనా చూడవచ్చు" అనేదాన్ని నొక్కడం చాలామందికి అలవాటు. అది వీధి తలుపు తెరిచి నిద్రపోవడమే. ఫలానావారే చూడాలని పేరు పెట్టి పంపాలి. గడువు పెట్టే వీలుంటే గడువు పెట్టాలి.

మూడో ప్రశ్న: పోతే మళ్ళీ వస్తుందా? చాలామంది క్లౌడ్‌లో పెడితే నకలు తీసినట్టే అనుకొంటారు. కాదు. చాలా క్లౌడ్‌లు అద్దం వంటివి. ఇక్కడ ఫైలు చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. కంప్యూటరులో దొంగ ప్రోగ్రాము దూరి ఫైళ్ళన్నిటినీ గిలకరిస్తే, అద్దంలోనూ గిలకరించినవే కనిపిస్తాయి. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో 30 రోజులు వుంటుంది, ఆ తరవాత చరిత్రే. అందుచేత పాత ప్రతులు ఎన్నాళ్ళు వుంచుతారని ముందే అడగాలి.

ఆవకాయ పెట్టే ఇల్లాలికి ఈ రహస్యం ఎవరూ చెప్పనక్కరలేదు. ఏడాది సరిపడా ఊరగాయ అంతా ఒకే జాడీలో పెట్టదు. పెద్ద జాడీ అటక మీద, చిన్న జాడీ వంటింట్లో, ఇంకొకటి అమ్మాయిగారింట్లో. ఒకదానికి బూజు పట్టినా ఇంకొకటి వుంటుంది. దీన్నే పీటర్ క్రోగ్ అనే అమెరికను ఫోటోగ్రాఫరు సూత్రంగా ప్రచారంలోకి తెచ్చాడు: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే వూళ్ళో. మన మాటల్లో చెప్పాలంటే, కంప్యూటరులో ఒకటి, బీరువాలోని హార్డు డిస్కులో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి. ఆ డిస్కుకీ తాళం వుండాలి. నకలు తీశాక కంప్యూటరు నుంచి ఊడదీసి వుంచాలి. తగిలించే వుంచితే, కంప్యూటరుకి పట్టిన చీడ దానికీ పడుతుంది.

నకళ్ళు వున్నాయని ధీమాగా వుండడమూ చాలదు. గిట్‌లాబ్ అనే సంస్థలో 2017 జనవరి 31న ఒక ఉద్యోగి పొరపాటున అసలు డేటాబేసునే చెరిపివేశాడు. నకళ్ళు తీసే ఏర్పాట్లు ఐదు వున్నాయి, ఏ ఒక్కటీ అక్కరకు రాలేదు. ఆరు గంటల ముందు ఎవరో చేతితో తీసిన ప్రతి ఒకటి వుండబట్టి బయటపడ్డారు. అందుకే నెలకొకసారి పాత ఫైలు ఒకటి వెనక్కి తెచ్చి, తెరిచి చూడండి. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగితే ఏం ప్రయోజనం?

నాలుగో ప్రశ్న: ఈ ఇల్లు ఖాళీ చేయవలసి వస్తే? 2013 సెప్టెంబరులో నిర్వానిక్స్ అనే అమెరికా క్లౌడ్ కంపెనీ మూతపడుతూ, రెండు వారాల్లో మీ సరుకు తీసుకుపొమ్మంది. 2012 జనవరిలో అమెరికా ప్రభుత్వం దొంగ సినిమాల నేరం మీద మెగాఅప్‌లోడ్‌ను పట్టుకొన్నప్పుడు, ఏ పాపమూ ఎరగనివాళ్ళ సొంత ఫైళ్ళు కూడా లోపల చిక్కుకొన్నాయి. గూగుల్ కూడా 2023 డిసెంబరు నుంచి, రెండేళ్ళు ఎవరూ ముట్టని సొంత ఖాతాలను చెరిపివేసే నియమం పెట్టింది. కాబట్టి ఫైళ్ళన్నీ ఒక్కసారిగా దింపుకొనే సౌకర్యం వుందో లేదో చూడండి. చందా కట్టే కార్డు గడువు ఎప్పుడు తీరుతుందో గుర్తుంచుకోండి. ఈమెయిలూ, ఫైళ్ళూ ఒకే ఖాతాలో వుంటే, ఆ ఖాతా మూసుకొన్న రోజున ఫిర్యాదు రాసుకోవడానికి కూడా చిరునామా వుండదు.

ఇన్ని చెప్పాక, ఏది తీసుకోమంటారో తేల్చమంటారా? గుట్టుగా వుంచవలసిన పరుల కాగితాలు చేసేవారు తాళం తమ దగ్గర వుండే రకమే తీసుకోండి, డబ్బు ఖర్చయినా సరే. బొమ్మలు, ప్రకటనలు వంటి పైకి కనబడే పని చేసేవారికి పెద్ద కంపెనీల మామూలు ఖాతా చాలు, రెండో గడియ వుంటే. ముందుగా పని ఇచ్చేవారిని ఒక మాట అడగండి. ఫైళ్ళు దేశం దాటకూడదని షరతు పెట్టేవారు కొందరున్నారు.

పని అయిపోయాక వారి ఫైళ్ళు ఎన్నాళ్ళు వుంచుకోవాలో కూడా మాట్లాడుకోండి. "ఎందుకైనా మంచిది" అని ఏళ్ళ తరబడి దాచడం పొదుపు కాదు. మన దగ్గర లేనిదాన్ని దొంగ ఎత్తుకుపోలేడు. 2023లో మన పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో కూడా, పని తీరిన సమాచారాన్ని చెరిపివేయాలన్న సూత్రం వుంది. మన సొంత బిల్లులూ, లెక్కలూ మాత్రం వేరే సంగతి. జీఎస్టీలో నమోదైనవారు వాటిని వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు భద్రంగా వుంచాలి.

చివరిగా ఇంట్లోవాళ్ళ సంగతి. నాకు తెలిసిన ఒక కుటుంబంలో ఇంటి ప్లానులు గీసే ఆయన హఠాత్తుగా పోయారు. ఆరుగురు ఇవ్వవలసిన డబ్బు వుందని ఆయన భార్యకు తెలుసు. ఎవరెవరో, ఎంతెంతో ఆ క్లౌడ్‌లో వుంది. తాళం అంత గట్టిగా వేసుకొన్న మనిషి, అది ఎక్కడ వుందో ఎవరికీ చెప్పలేదు. పని ఇచ్చినవాళ్ళలో ఇద్దరు తమంతట తాము వచ్చి ఇచ్చారు. మిగతా నలుగురి పేర్లు ఆవిడకి ఇప్పటికీ తెలియవు.

అందుచేత ఒక కాగితం తీసుకొని, ఏ ఖాతా, ఏ తాళం, ఎవరి నుంచి రావలసినది ఎంత అని రాసి, కవరులో పెట్టి అంటించి, ఆ కవరు బీరువాలో ఎక్కడ వుందో ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. గూగుల్‌లోనూ, ఆపిల్‌లోనూ మన తరవాత ఖాతా ఎవరికి అప్పగించాలో ముందే చెప్పుకొనే ఏర్పాట్లున్నాయి, వాటినీ పూర్తిచేయండి. కవరు మీద తేదీ వెయ్యడం మాత్రం మరవకండి. పాస్‌వర్డు మార్చినప్పుడల్లా లోపలి కాగితమూ మార్చాలి.