గ్యాస్ బిళ్లకు లొంగని మంట

కడుపులో మండితే మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ముద్దాయి ఎప్పుడూ ఒక్కటే. కారం! డాక్టర్ దగ్గరికి రాకముందే తీర్పు వచ్చేస్తుంది. ‘రెండు రోజులు పచ్చళ్లు మానెయ్’ అంటారు ఇంట్లో. ‘పరగడుపున ఒకటి వేసుకోండి’ అంటారు మందుల షాపులో. చాలామందికి అంతటితో తగ్గిపోతుంది కూడా. ఇది తగ్గని వాళ్ల కోసం రాస్తున్నది. నెలల తరబడి గ్యాస్ బిళ్ల మింగుతూ, ఒకటి చాలక రెండు చేసి, అయినా పై పొట్టలో మంట, తెల్లవారేసరికి నోట్లో చేదు, అప్పుడప్పుడు పచ్చటి పసరు వాంతి... ఇలా బతుకుతున్న వాళ్లు మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉండే ఉంటారు.

వాళ్ల గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సరైన వేళకు, సరైన మోతాదులో వేసుకున్న మందుకు రెండు నెలల్లో లొంగని మంటకు మోతాదు పెంచుకుంటూ పోవడం వైద్యం కాదు. అసలు అది యాసిడ్ మంటేనా అని అడగాలి.

మన పెద్దలకు ఈ తేడా ఒకరకంగా తెలుసు. పుల్లటి త్రేన్పు వేరు, పసరు కక్కడం వేరు. కానీ రెంటినీ కలిపి ‘పైత్యం చేసింది’ అనేస్తాం. (తిక్కగా మాట్లాడేవాణ్ణి కూడా పైత్యం ముదిరిందంటాం, అది వేరే సంగతి.) పుల్లటిది జీర్ణాశయంలో తయారయ్యే యాసిడ్. చేదుది కాలేయంలో తయారయ్యే పైత్యరసం. రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా ఊరుతుంది. కొంత పిత్తాశయంలో నిల్వ ఉండి, మనం నూనె, నెయ్యి తిన్నప్పుడు చిన్నపేగు మొదటి భాగంలోకి దిగి కొవ్వును అరిగిస్తుంది. దాని చోటు పేగు. పైన జీర్ణాశయంలో దానికి పనిలేదు.

జీర్ణాశయానికి రెండు ద్వారాలున్నాయనుకోండి. పై ద్వారం అన్నవాహిక వైపు, కింది ద్వారం చిన్నపేగు వైపు. పై ద్వారం వదులైతే యాసిడ్ ఛాతీలోకి ఎగదన్నుతుంది. అదే మనకు బాగా తెలిసిన యాసిడ్ రిఫ్లక్స్. కింది ద్వారం సరిగ్గా మూసుకోకపోతే పేగులోని పసరు వెనక్కి వచ్చి జీర్ణాశయం లోపలి పొరను పాడుచేస్తుంది. ఇది బైల్ రిఫ్లక్స్. రెండు ద్వారాలూ వదులైతే యాసిడ్, పసరు కలిసి అన్నవాహికలోకి వెళ్తాయి. ఏ ఒక్కటి వెళ్లినప్పటికంటే అప్పుడు జరిగే నష్టం ఎక్కువ.

పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి బిళ్లలు యాసిడ్ తయారీని తగ్గిస్తాయి. కాలేయంలో పసరు ఊరడాన్ని ఆపవు. అందుకే మంట పసరుది అయినప్పుడు అవి కొంత ఉపశమనం ఇచ్చినా పూర్తిగా పనిచేయవు. తిండి విషయంలోనూ తేడా ఉంది. రాత్రి త్వరగా తినడం, కాఫీ, వేపుళ్లు తగ్గించడం, బరువు తగ్గడం, తలవైపు మంచం ఎత్తు చేసుకోవడం యాసిడ్ రిఫ్లక్స్‌కు బాగా ఉపయోగపడతాయి. పసరుకు ఇవి అంతంతమాత్రం. ఏమీ తినకపోయినా పసరు ఊరుతూనే ఉంటుంది. పస్తులుంటే తగ్గుతుందనుకునేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇక కారం సంగతి. మిరపలోని కాప్సైసిన్ నోటిలో, కడుపులో ఉండే వేడిని గుర్తించే నాడుల్ని తట్టిలేపుతుంది. నిజంగా కాలకుండానే కాలినట్టు అనిపిస్తుంది. ఆ నాడుల మీది గ్రాహకాన్ని 1997లో కనుగొన్న బృందానికి నాయకత్వం వహించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. కాబట్టి కారం ఉన్న మంటను ఎక్కువ చేయగలదు. కింది ద్వారాన్ని తెరిచి పసరును పైకి పంపేది మాత్రం కారం కాదు. మిరప పండించే ఊళ్లో పుట్టిన పాపానికి ప్రతి మంటనూ దానికే అంటగడితే అసలు కారణం చాటున ఉండిపోతుంది.

మరి అసలు కారణం? మన ప్రాంతంలో నేను మొదట అడిగేది పాత ఆపరేషన్ గురించి. 1970, 80 దశకాల్లో అల్సర్ ముదిరి, జీర్ణాశయం కింది ద్వారం పూడుకుపోయిన రోగులు దక్షిణాదిలో చాలామంది ఉండేవారు. జీర్ణాశయాన్ని నేరుగా చిన్నపేగుకు కలిపి కుట్టేవారు. ఆనాడు అదే ప్రాణం నిలిపిన వైద్యం. అల్సర్లకు ఎక్కువగా హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా కారణమని 1982లో మార్షల్, వారెన్ పట్టుకున్నాక, మందులతోనే నయమవుతున్నాక ఆ ఆపరేషన్లు అరుదైపోయాయి. అవి చేయించుకున్న వాళ్లు మాత్రం మన మధ్యే తాతయ్యలుగా, నాయనమ్మలుగా ఉన్నారు. పేగుకూ జీర్ణాశయానికీ మధ్య కాపలా లేదు కాబట్టి పసరు అడ్డూ ఆపూ లేకుండా వస్తుంది. పైగా జీర్ణాశయంలో కొంత భాగం తీసేసిన వాళ్లలో పదిహేను, ఇరవై ఏళ్ల తర్వాత మిగిలిన భాగంలో క్యాన్సర్ వచ్చే అవకాశం కొంత పెరుగుతుంది. వాళ్ల మంటను ‘వయసు మీద పడింది’ అని వదిలేయకూడదు.

పిత్తాశయం తీయించుకున్న వాళ్లలోనూ కొందరికి ఈ ఇబ్బంది వస్తుంది. నిల్వ ఉంచే సంచి లేక పసరు రోజంతా కొద్దికొద్దిగా కారుతుంటుంది. దీనికి భయపడి, నొప్పి తెప్పిస్తున్న రాళ్లకు అవసరమైన ఆపరేషన్ మానుకోవద్దు. ఎక్కువమందికి ఏ తేడా రాదు. బరువు తగ్గడానికి చేసే బైపాస్ ఆపరేషన్లలో కూడా కొన్ని రకాల తర్వాత పసరు ఎగదన్నడం ఉంది. చేయించుకునే ముందే సర్జన్‌ను అడగండి.

దీనికి రెండో వైపూ ఉంది. ఎండోస్కోపీ రిపోర్టులో ‘బైల్ రిఫ్లక్స్ గ్యాస్ట్రైటిస్’ అన్న మూడు మాటలు చూసి బెంబేలెత్తేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. గొట్టం లోపలికి వెళ్తున్నప్పుడు వచ్చే ఓకరింపుకే కాస్త పసరు పైకి రావచ్చు. ఆరోగ్యవంతుల్లోనూ కొద్దిగా వస్తూనే ఉంటుంది. పసరు కనిపించడమే జబ్బు కాదు. బాధ, లోపలి పొర వాపు, అవసరమైతే ముక్క పరీక్ష... అన్నీ కలిపి చూడాలి. ఆ ముక్క పరీక్ష కూడా ఒక్కోసారి తికమక పెడుతుంది. మోకాళ్ల నొప్పులకు రోజూ వాడే బిళ్లలు చేసే నష్టమూ, పసరు చేసే నష్టమూ మైక్రోస్కోపులో ఒకేలా కనిపిస్తాయి. మీరు ఆ బిళ్లల సంగతి దాస్తే మేం పసరును దోషిగా నిలబెడతాం.

నిజంగా బైల్ రిఫ్లక్స్ అని తేలితే మందులున్నాయి. ఉర్సోడియాక్సికోలిక్ యాసిడ్, సుక్రాల్‌ఫేట్, జీర్ణాశయం త్వరగా ఖాళీ అయ్యేలా చేసేవి కొన్ని. అందరికీ ఒకేలా పనిచేయవు, నెలల ఓపిక కావాలి. మందులకు లొంగని కొద్దిమందికి పసరును దారి మళ్లించే ఆపరేషన్ ఉంది. అలాగని ఇది చదివి మీ గ్యాస్ బిళ్ల రేపే ఆపేయకండి. స్టెంట్ వేయించుకుని ఆస్పిరిన్ వాడుతున్న వాళ్లకు కడుపులో రక్తస్రావం కాకుండా దాన్ని రాసి ఉంటారు.

కొన్ని సందర్భాల్లో పైత్యం అన్న మాటే ప్రమాదం. పుట్టిన కొద్ది రోజుల పసిబిడ్డ పచ్చటి వాంతి చేసుకుంటే అది పేగు మెలిపడటం కావచ్చు. గంటలు కూడా లెక్కే, వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. పత్తికో మిరపకో మందు కొట్టి వచ్చిన మనిషి వాంతులు చేసుకుంటూ, చెమటలు పట్టి, నోట్లో నురగ వస్తుంటే నిమ్మరసం ఇచ్చి పడుకోబెట్టకండి. అది పురుగుమందు విషం. నడిస్తే వచ్చి ఆగితే తగ్గే ఛాతీ మంటకు ముందు ఈసీజీ తీయించాలి. మింగడం కష్టం కావడం, కారణం లేకుండా బరువు తగ్గడం, నల్లటి విరేచనం, రక్తపు వాంతి... వీటిలో ఏది ఉన్నా రెండు నెలలు ఆగే పని లేదు.

వచ్చేటప్పుడు పాత ఆపరేషన్ కాగితాలు తెండి. గుంటూరు జీజీహెచ్‌కు వచ్చినా, మీ ఊరి డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఇదే మాట. ముప్పై, నలభై ఏళ్ల నాటి కాగితం దొరకదంటారా? పొట్ట మీద మచ్చ చూపించండి, ఏ సంవత్సరమో ఉజ్జాయింపుగా చెప్పండి. వాడుతున్న బిళ్లలన్నీ, నొప్పులవి కూడా, ఒక సంచిలో వేసుకుని రండి.