కొమ్ము పిడికి మెరుగు, కొమ్ము మోసినోడికి మైల!

పాత మంగలికత్తులు కొని, వాటి కొమ్ము పిడులకు మెరుగుపెట్టి దాచుకునే సరదా ఇప్పుడు కొందరు చదువుకున్నోళ్లకు పట్టింది. దానికి కావాల్సిన గరుకు కాగితం, ఇత్తడి తీగ, ఆకురాయి మా సికిందరాబాదులో రాంగోపాల్‌పేట్, రాణిగంజ్ ఇనుప సామాన్ల దుకాణాల్లోనే దొరుకుతయి. ఆ సరదాను మేము తప్పుపట్టం. పాత పనిముట్టును పారెయ్యకుండా బాగుచేసుకోవడం మంచిదే. కానీ ఆ పిడిని చేతిలో పట్టుకున్నోళ్లను ఒక్క మాట అడగాలె: ఈ కొమ్ము ఎక్కడిది?

ముందు పని సంగతి చూద్దాం. కొమ్ము ఎముక కాదు. మన గోరు, మన వెంట్రుక ఏ పదార్థమో అదీ అదే. ఏళ్లు గడిస్తే ఎండి పొరలు లేస్తది, పురుగు కొరుకుతది. బాగుచేసేవాళ్లు ఇత్తడి మేకుల తలలు మెల్లగా అరగదీసి పిడిని విప్పుతారు. 400 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 600, 1000, 2000 దాకా తడిపి రుద్దుతారు. ఎక్కువసేపు నీళ్లలో ఉంచితే కొమ్ము వంకరపోతది. గట్టిగా రుద్ది వేడెక్కిస్తే కాలిన వెంట్రుకల వాసన కొడతది. చివరికి పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసిన నూనె పట్టించి, గుడ్డతో తోమితే నల్లకొమ్ము అద్దంలాగ మెరుస్తది.

ఆ అద్దంలో ఎవరి ముఖం కనబడాలె? ఊళ్లో బర్రె చస్తే మోసినోడు మాదిగ. తోలు ఒలిచినోడు, లందలో నానబెట్టినోడు మాదిగ. ఇంగ్లండులోని షెఫీల్డ్ కత్తుల కార్ఖానాలు మన దేశపు బర్రె కొమ్ములను ఓడల మీద తెప్పించుకున్నయి. పిడికి కొమ్ము, కొమ్ముకు నూనె, కత్తిని పదునుకు రుద్దే తోలుపట్టా. ఇనుము, ఇత్తడి తీసేస్తే మిగిలేదంతా గొడ్డు నుంచి వచ్చిందే! గొడ్డును ముట్టినందుకు మనిషి మైలపడ్డాడట. అదే గొడ్డు కొమ్ము దొర గడ్డం దగ్గరికి పోతే మాత్రం మైల అంటలేదు. ఇదెక్కడి న్యాయం?

ఊరందరి గడ్డాలు గీసిన కత్తి మన గడ్డం దగ్గరకొచ్చి ఆగింది. సతారాలో చిన్నప్పుడు బాబాసాహెబ్ అంబేద్కర్‌ను మంగళ్లు ముట్టలేదు. అక్కే ఆయనకు జుట్టు కత్తిరించింది. పైసలు లేక కాదు, కులం వల్ల.

అట్లని నాయీబ్రాహ్మణ సోదరుడు మన పగవాడా? కానే కాదు. నిజాం కాలంలో దొర గడీల్లో ఆయన కూడా వెట్టి చేసినోడే. 2020లో కర్ణాటకలో, మైసూరు జిల్లా నంజనగూడు తాలూకా హల్లారె గ్రామంలో ఏం జరిగింది? దళితులకు క్షవరం చేసినందుకు ఒక మంగలన్నకు పెద్దకులపోళ్లు 50 వేల రూపాయల జరిమానా వేసి, ఊళ్లో బహిష్కరించారు. కత్తి ఆయనది, కత్తి మీద పెత్తనం మాత్రం ఊరి పెద్దలది! ఆ పెత్తనంతోనే మన కొట్లాట.

కాబట్టి కార్యకర్తలారా, సెలూన్‌లో మనోళ్లకు క్షవరం చెయ్యమంటే ముందు ఆ సోదరునితో కూర్చొని మాట్లాడండి. ఆయన వెనుక ఎవరి బెదిరింపు ఉందో తెలుసుకోండి. ఆయనకు అండగా నిలబడండి. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. అంటరానితనం పేరుతో సేవ నిరాకరిస్తే 1955 పౌరహక్కుల రక్షణ చట్టం 6వ సెక్షన్ కింద నేరం. దళితులను సాంఘికంగా బహిష్కరించడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. 2015 సవరణలో ఆ మాట స్పష్టంగా చేర్చారు. ఫిర్యాదు రాసేటప్పుడు బెదిరించిన పెద్దల పేర్లు వదిలిపెట్టకండి. ఎప్పుడూ చిన్న కులపోడి మీదనే కేసు పడి, పెద్దకులపోడు తప్పించుకోకూడదు.

ఇక పిడికి మెరుగుపెట్టే అయ్యలకు మా మాట. కత్తి మీద చెక్కిన కంపెనీ పేరును భూతద్దం పెట్టి చదువుతున్నారు. కొమ్ము మోసిన చేతులకు మాత్రం ఎక్కడా పేరు లేదు. మీ కత్తుల చరిత్ర రాసుకునేటప్పుడు మాదిగవాడను, మంగలి పొదిని కూడా రాయండి. అవి లేని చరిత్ర సగం చరిత్రే.

జై భీమ్!